గోడకి మేకు కొట్టకూడదట!

"టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తున్నానండీ. పోర్షన్ ఖాళీగా ఉందా?"

"ఉందమ్మా. ఎంతమంది ఉంటారు?"

"నేను, మా అమ్మ, మా పాప."

"మరి మీవారు?"

అవతల నుంచి ఆ ప్రశ్న వచ్చాక ఇవతల ఒక్క క్షణం మాట ఆగుతుంది. అంతే! "అయ్యో, ఇందాకే ఎవరో వచ్చి అడ్వాన్సు ఇచ్చి వెళ్ళారమ్మా" అంటూ ఫోన్ పెట్టేస్తారు. అడ్వాన్సు తీసుకున్నామన్న ఆ ఇంటి గేటుకి బోర్డు మాత్రం మరో నెల్లాళ్ళు వేలాడుతూనే ఉంటుంది.

హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతుక్కున్న ఏ స్త్రీని కదిపినా ఇలాంటి అనుభవం ఒకటి చెబుతుంది. ఇల్లు చూసి రావడం మగవాళ్ళ పని, వచ్చాక సర్దుకోవడం ఆడవాళ్ళ పని అనుకునే రోజులు పోయాయి. ఉద్యోగానికని ఒంటరిగా వచ్చే అమ్మాయిలున్నారు. పిల్లల చదువు కోసం భర్తని ఊళ్ళో వదిలి పట్నం వచ్చిన తల్లులున్నారు. భర్త పోయినవాళ్ళు, విడిగా ఉంటున్నవాళ్ళు ఉన్నారు. భార్యాభర్తలిద్దరూ ఉన్న ఇళ్ళలో కూడా సాయంత్రం పూట చెప్పులరిగేలా వీధులన్నీ తిరిగేది ఎక్కువగా ఇల్లాలే. కాబట్టి అద్దె ఇల్లు అనే సమస్య ఇవాళ ముందుగా స్త్రీల సమస్య. అద్దెలు పెరిగాయన్న వార్తలు పేపర్లో తరచూ చదువుతూనే ఉన్నాం. ఆ అంకెల వెనక ఏం జరుగుతోందో చూద్దామనే ఈ ప్రయత్నం.

ఇంటర్వ్యూ కన్నా కష్టం

ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళితే చదువు గురించి అడుగుతారు. ఇంటికోసం వెళితే పుట్టుపూర్వోత్తరాలు అడుగుతారు! "మీ ఇంటిపేరేంటమ్మా?" అంటే ఊరికే అడగడం కాదు. కులం పేరు నోటితో అడగడానికి మొహమాటపడేవాళ్ళు ఇంటిపేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, "మీరు నాన్‌వెజ్ తింటారా?" అని అడుగుతారు. మొహమాటం లేనివాళ్ళు బోర్డు మీదే "శాకాహారులకు మాత్రమే" అని రాసేస్తారు. ముస్లిం పేరు చెప్పగానే ఇల్లు "అమ్మేస్తున్నాం" అయిపోవడం నాకు తెలిసిన ఒక లెక్చరర్‌కి మూడు కాలనీల్లో జరిగింది. ఆవిడ చివరికి టోలీచౌకీలో ఇల్లు తీసుకున్నారు. కాలేజీ ఉప్పల్ వైపు!

పెళ్ళికాని అమ్మాయిలది మరో కథ. "బ్యాచిలర్స్‌కి ఇవ్వబడదు" అంటే ఒకప్పుడు కుర్రాళ్ళకే అనుకునేవాళ్ళం. ఇప్పుడందులో అమ్మాయిలూ చేరిపోయారు. ఇచ్చేవాళ్ళు కూడా రాత్రి తొమ్మిదికి గేటు వేస్తామనీ, తమ్ముడొచ్చినా ముందు చెప్పాలనీ షరతులు పెడతారు. రాత్రి డ్యూటీ చేసే నర్సు ఏం చేయాలి? అందుకే అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్, మాదాపూర్‌లలో వీధికి అరడజను లేడీస్ హాస్టళ్ళు వెలిశాయి. ఒక గదిలో మూడు, నాలుగు మంచాలు, గోడకొక బీరువా. నెల జీతం తెచ్చుకునే మనిషి కూడా ఆ ఒక్క మంచం పట్టు చోటుతోనే సరిపెట్టుకోవాలి.

ఇది తప్పు కదా, చట్టం లేదా అని మీరడగొచ్చు. రాజ్యాంగంలోని 15వ అధికరణం కుల, మత, లింగ వివక్ష కూడదంటుంది. అయితే ప్రజలు ప్రజల మీద చూపించే వివక్ష గురించి అందులో పేర్కొన్నవి దుకాణాలు, హోటళ్ళు, వినోదశాలలు, బావులు, చెరువులు, రోడ్ల వంటివే. సొంతదారు అద్దెకిచ్చుకునే ఇల్లు ఆ జాబితాలో లేదు. పైగా 2005లో ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో, తమ మతం వాళ్ళకే సభ్యత్వమిస్తామని సొసైటీ నిబంధన పెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. అందుచేత "ఇవ్వం" అన్న ఇంటివాళ్ళని కోర్టుకి లాగడం దాదాపు కుదరని పని. అడ్డుకోవలసిన చట్టం ఇంకా రాలేదు. ఏ పార్టీ ఎన్నికల సభలోనూ ఈ మాట ఎత్తినట్టు నేను వినలేదు.

ఇంటివాళ్ళ వైపు నుంచీ ఒక మాట చెప్పుకోవాలి. అద్దె డబ్బే పెన్షన్‌గా బతికే పెద్దవాళ్ళు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒంటరి స్త్రీలూ ఉన్నారు. అద్దెకొచ్చినవాళ్ళు ఖాళీ చేయకుండా మొండికేస్తే కోర్టు చుట్టూ ఏళ్ళ తరబడి తిరగాలన్న భయం వాళ్ళది. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని పట్టణాల్లో కోటికి పైగా ఇళ్ళు ఖాళీగా ఉన్నట్టు తేలింది. ఆ తాళాలకి ఈ భయమూ ఒక కారణమే. ఒకవైపు ఖాళీ ఇళ్ళు, మరోవైపు ఇల్లు దొరకని మనుషులు... విచిత్రం కదూ!

బోర్డు మీది అద్దె వేరు, మనమిచ్చేది వేరు

మా ఆఫీసులో పనిచేసే ఒకావిడ నిజాంపేటలో 12 వేలకి డబుల్ బెడ్‌రూమ్ దొరికిందని సంబరపడిపోయింది. అంతకుముందు యూసుఫ్‌గూడలో చిన్న పోర్షన్‌కి 14 వేలు ఇచ్చేది. నెలకి రెండు వేలు మిగులు అనుకుంది. మూడు నెలలయ్యాక ఓ మధ్యాహ్నం టిఫిన్ బాక్సు పక్కనపెట్టి లెక్క వేసింది. మెయింటెనెన్స్ 1,800. ఎండాకాలంలో బోరు ఎండిపోతే వచ్చే నీళ్ళ ట్యాంకర్‌లో వాటా 600. ఇంటి నుంచి మెట్రో స్టేషన్‌దాకా షేర్ ఆటో, అక్కణ్ణుంచి మెట్రో, రానూపోనూ రోజుకి 120 చొప్పున నెలకి మూడు వేలు. పాప స్కూలు వ్యానుకి దూరం పెరిగిందని 500 ఎక్కువ. మొత్తం 17,900! యూసుఫ్‌గూడలో మెయింటెనెన్స్ లేదు, నీళ్ళు నల్లావి, ఆఫీసుకి ఒకే బస్సు, అదీ ఉచితం. మిగులు పోయి నెలకి 3,900 తరుగు తేలింది. రోజుకి గంటంపావు ప్రయాణం పెరగడం వేరే. ఆ గంటంపావు ఎవరి నిద్రలోంచి పోతుందో చెప్పక్కర్లేదు.

ఇక్కడే ఒక కొత్త సంగతి గమనించాలి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఈ సౌకర్యం వచ్చింది. మెట్రో రైలు 2017 నవంబర్‌లో మొదలైనప్పటి నుంచి స్టేషన్‌కి దగ్గరగా ఉన్న ఇళ్ళకి గిరాకీ, దాంతోపాటే అద్దె పెరిగాయి. ఇల్లు వెతికే ఆడవాళ్ళు మెట్రో స్టేషన్ ఎంత దూరం అని అడగడం అలవాటు చేసుకున్నారు. ఇప్పుడు అడగవలసిన ప్రశ్న మారింది. బస్టాపు ఎంత దూరం? ఆఫీసువైపు బస్సు ఎన్ని నిమిషాలకొకటి? ఆఖరి బస్సు ఎప్పుడు? స్టేషన్‌కి అరకిలోమీటరులో ఉన్న ఇంటికన్నా, మంచి బస్సు రూటు మీద నాలుగు కిలోమీటర్లు లోపలున్న ఇల్లు మనకి లాభంగా ఉండవచ్చు. బస్సుల్లో నిలబడటానికి చోటు దొరకదన్నది నిజమే. ఇల్లు ఖాయం చేసుకునే ముందు ఒక సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకి ఆ స్టాపులో పది నిమిషాలు నించుంటే విషయం తెలిసిపోతుంది.

కరెంటు మీటరు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. పాత ఇళ్ళలో మూడు పోర్షన్లకీ కలిపి ఒకే మీటరు, ఒక్కో పోర్షన్‌కి చిన్న సబ్‌మీటరు ఉంటాయి. మనం నెలకి 90 యూనిట్లే కాల్చినా, ముగ్గురివీ కలిసి 270 అవుతాయి. తెలంగాణలో ఇంటి వాడకం నెలకి 200 యూనిట్లు దాటితే, దాటిన యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచీ పై రేటు పడుతుంది. ఇంకో నష్టమూ ఉంది. 2024 మార్చి నుంచి తెల్లకార్డు ఉన్న కుటుంబాలకి 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. అద్దెకున్నవాళ్ళకీ ఇది వర్తిస్తుంది. కానీ ఉమ్మడి మీటరు 200 దాటితే ఆ సున్నా ఎవరికీ రాదు. "కరెంటు యూనిట్‌కి పది రూపాయలమ్మా" అని ఇంటివాళ్ళు ఎంతో మామూలుగా చెప్పేస్తారు. వేరే మీటరున్న ఇంటికి 500 ఎక్కువిచ్చినా నష్టం లేదని కాగితం, పెన్ను తీసుకుంటే తెలుస్తుంది.

మేకు ఖరీదు

ఇక అసలు కథకొస్తాను. పెళ్ళయిన కొత్తలో నేను తెనాలి నుంచి వచ్చి చిక్కడపల్లిలో మేడమీద పోర్షన్‌లో కాపురం పెట్టాను. మా అమ్మ ఇచ్చిన వెంకటేశ్వరస్వామి పటం, పెళ్ళి ఫొటో, ఒక గడియారం, ఒక అద్దం... వీటికి నాలుగు మేకులు కొట్టాం. రెండేళ్ళ తర్వాత ఖాళీ చేసేటప్పుడు ఇంటాయన టార్చిలైటు వేసి మరీ గోడలు చూశారు. నాలుగు మేకులు, వంటింట్లో పోపు మరకలు, మా అబ్బాయి పెన్సిల్‌తో గీసిన ఏనుగు. "పెయింటింగ్‌కి ఒక నెల అద్దె పట్టుకుంటున్నా" అన్నారు. రెండు నెలల అడ్వాన్సులో సగం పోయింది. మేము వెళ్ళాక ఆ గోడలకి రంగు వేశారా అంటే, వెయ్యలేదు. మా తర్వాత అదే ఇంట్లో దిగినావిడ మా బజారులోనే కలిసేది. "మీ ఏనుగు అలాగే ఉందండీ" అని నవ్వేది.

ఈ పెయింటింగ్ ఛార్జీ ఇప్పుడు ఊరంతటికీ ఆచారమైపోయింది. మేకు కొట్టినా కొట్టకపోయినా, రెండేళ్ళున్నా ఆరు నెలలున్నా ఒక నెల అద్దె కోసేయడమే. చాలామంది అదేదో చట్టమని అనుకుంటున్నారు కూడా! నిజానికి చట్టం ఏమంటోంది?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. అద్దెకున్నవాళ్ళు ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలని అంటూనే, మామూలు వాడకంలో వచ్చే అరుగుదలని మినహాయించింది. వంట చేస్తే పొగ వస్తుంది, మనుషులుంటే గోడ మాస్తుంది. వేరే ఒప్పందం లేకపోతే దానికి డబ్బు కోయడానికి ఆధారం లేదు. అదే చట్టం ఇంకో మాట కూడా చెప్పింది. అద్దెకున్నవాళ్ళు తాము బిగించుకున్న వస్తువుల్ని ఖాళీ చేసేలోగా తీసుకుపోవచ్చు, కాకపోతే ఇంటిని మొదట ఉన్నట్టే ఉంచి వెళ్ళాలి. అంటే మీరు కొని బిగించుకున్న ఫ్యాను, గీజరు, కర్టెన్ రాడ్ మీవే. "బిగించాక ఇంటికే చెందుతుంది" అనే మాటకి భయపడక్కర్లేదు.

అడ్వాన్సు సంగతి ఇంకా విచిత్రం. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో చేసిన అద్దె నియంత్రణ చట్టం ప్రకారం ఒక నెల అద్దెకి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. గూడూరులోని ఒక హోటల్ కేసులో 1989లో సుప్రీంకోర్టు కూడా, అంతకన్నా ఎక్కువ తీసుకున్న సొమ్ము అద్దెకున్నవాళ్ళకి తిరిగి రావలసిందేనని స్పష్టంగా చెప్పింది. ఇంత మంచి చట్టం ఉండగా ఈ గొడవలెందుకని అడుగుతారేమో! 2005 సవరణ ప్రకారం నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్ళకి ఆ చట్టం వర్తించదు. ఇవాళ హైదరాబాద్‌లో 3,500కి ఏం వస్తుంది? స్కూటర్ పెట్టుకునే షెడ్డు రావచ్చు. ఆ విధంగా తెలంగాణలో చట్టం పుస్తకంలో ఉంది, అందులోకి వచ్చే ఇల్లు మాత్రం ఊళ్ళో లేదు.

2021 జూన్‌లో కేంద్రం ఒక నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకి పంపింది. నివాసగృహాలకి అడ్వాన్సు రెండు నెలల అద్దెకి మించరాదని, ఇంటివాళ్ళు లోపలికి రావాలంటే 24 గంటల ముందు తెలియజేయాలని, నీళ్ళు, కరెంటు ఆపి వేధించకూడదని అందులో ఉంది. నాకు అన్నిటికన్నా నచ్చింది చివర జతచేసిన పట్టిక. ఒప్పందంలో వేరే విధంగా రాసుకోకపోతే గోడలకి సున్నం, తలుపులకి, కిటికీలకి రంగు, పైపులు మార్చడం, వైరింగ్ ఇంటివాళ్ళ ఖర్చు. కుళాయి వాషర్లు, స్విచ్చులు, గీజరు రిపేరు, కాలవ శుభ్రం అద్దెకున్నవాళ్ళ ఖర్చు. ఎంత తేటగా ఉందో చూడండి! కానీ అద్దెల వ్యవహారం రాష్ట్రాల చేతిలో ఉంది. నమూనా చట్టం నమూనాగానే ఉండిపోకూడదంటే శాసనసభ పూనుకోవాలి. ఆంధ్రప్రదేశ్ 2017లోనే తన కొత్త అద్దె చట్టం చేసుకుంది. తెలంగాణలో ఇంకా ఆ 1960 చట్టమే.

కాగితం మీద ఎవరి పేరు?

అందుచేత చట్టం ఇవ్వని రక్షణని కాగితం మీద మనమే రాయించుకోవాలి. బ్రోకరు తెచ్చే 11 నెలల అగ్రిమెంటు చదవకుండా సంతకం పెట్టేవాళ్ళే ఎక్కువ. 11 నెలలే ఎందుకంటే, ఏడాదికి మించిన లీజుని రిజిస్టర్ చేయించాలి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి. అంతేగానీ పన్నెండో నెల మొదటి తేదీన సామాను వీధిలో పెట్టేయొచ్చని కాదు. నెలనెలా సాగే అద్దెకైనా, వేరే ఒప్పందం లేకపోతే 15 రోజుల నోటీసు ఇవ్వాలి. బలవంతంగా గెంటేస్తే ఆరు నెలల లోపు కోర్టుకి వెళ్ళి స్వాధీనం తిరిగి అడిగే హక్కు ఉంది.

కాగితంలో ఏం రాయించాలి? అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, పెయింటింగ్‌కి కోత ఉందా, ఉంటే ఎంత, ఏడాదికి అద్దె ఎంత పెంచుతారు, మెయింటెనెన్స్‌లో నీళ్ళ ట్యాంకరు కలిసిందా, గోడకి ఎన్ని మేకులు కొట్టుకోవచ్చు... నవ్వకండి, మేకుల సంగతి కూడా రాయించండి! అడ్వాన్సు చేతులు మారే ముందు రోజు దాకా ఇంటివాళ్ళు మనమాట వింటారు. ఆ మర్నాటి నుంచి వినరు. బేరమేదైనా ఉంటే అప్పుడే. డబ్బు బ్యాంకు ద్వారానో ఫోన్ ద్వారానో పంపితే అదే రసీదు. ఇంట్లో దిగిన రోజునే, సామాను దించకముందే గోడలు, బాత్‌రూమ్ టైల్స్, సింకు, స్విచ్చులు అన్నీ ఫోన్‌లో వీడియో తీసి ఇంటివాళ్ళకి వాట్సాప్‌లో పంపేయండి. తేదీతో సహా వాళ్ళ దగ్గరా, మీ దగ్గరా ఉంటుంది. మా పాత ఇంటాయన టార్చిలైటుకి సమాధానం ఇదే.

ఇంకో ముఖ్యమైన విషయం. అగ్రిమెంటు ఎప్పుడూ మగవాళ్ళ పేరు మీదే రాస్తారు. "ఇద్దరిదీ ఒకటే కదమ్మా" అంటాడు బ్రోకరు. ఒకటే అయితే ఇద్దరి పేర్లూ రాయడానికి ఏం అడ్డం? బ్యాంకు ఖాతాకి, గ్యాసుకి, పిల్లల స్కూలుకి అడ్రసు రుజువు మన పేరు మీద కూడా ఉండాలి కదా! ఉద్యోగినులకైతే జీతంలో ఇంటి అద్దె అలవెన్సుకి పన్ను మినహాయింపు కావాలంటే అద్దె మనమే కట్టినట్టు రుజువు కావాలి. ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటివాళ్ళ పాన్ నెంబరు కూడా ఇవ్వాలి. ఆ నెంబరు ఇవ్వమనే ఇంటివాళ్ళు కొందరుంటారు. అదీ ముందే అడగాలి. కాపురంలో కలతలొచ్చినప్పుడు మాత్రం, పేరు లేదని బెంబేలుపడవద్దు. 2005 గృహహింస చట్టం కలిసి కాపురమున్న ఇంట్లో భార్యకి ఉండే హక్కు ఇచ్చింది. అది సొంతిల్లయినా సరే, అద్దెదైనా సరే. వేరే ఇల్లు చూపించమనీ, దాని అద్దె కట్టమనీ భర్తని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు.

మేకు లేకుండా అలంకరణ

సరే, ఇల్లు దొరికింది, సంతకాలయ్యాయి. తెల్లటి గోడలు, నేల మీద అట్టపెట్టెలు. మేకు కొట్టకూడదు, రంగు మార్చకూడదు. ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ మారాలి. ఇంత మాత్రానికి అలంకరణ దేనికి అనిపిస్తుంది. మా అత్తగారు అలాగే అనేవారు, "అద్దె కొంపకి అంత సింగారమా" అని. పదిహేనేళ్ళు ఆరు అద్దె ఇళ్ళలో గడిచిపోయాయి మాకు. సొంతిల్లు వచ్చేదాకా ఆగి ఉంటే మా పిల్లల బాల్యమంతా అట్టపెట్టెల మధ్యే గడిచేది.

అద్దె ఇంటి అలంకరణకి నేను పెట్టుకున్న సూత్రం ఒక్కటే. చుట్టగలిగింది, మడవగలిగింది, మోయగలిగింది కొనాలి. ఆ లెక్కన మొదట కొనవలసింది సోఫా కాదు, జంపఖానా! వరంగల్ నూలు జంపఖానాలకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒకటి పరిస్తే హాలు హాలులా కనిపిస్తుంది. నలుగురొస్తే కూర్చుంటారు, రాత్రికి పిల్లలు పడుకుంటారు, ఇల్లు మారేటప్పుడు చుట్టి చంకలో పెట్టుకుపోవచ్చు. దాని మీద రెండు పోచంపల్లి దిండుగలీబులు వేస్తే చాలు.

కర్టెన్లకి కొత్త బట్ట కొనకండి. అయిదున్నర మీటర్ల నూలుచీర ఒకటి తీస్తే ఏడడుగుల తలుపు కర్టెన్లు రెండొస్తాయి, మడతలకి పోను కాస్త మిగులుతుంది కూడా. మంగళగిరి చీరయితే అంచు రెండు పక్కలా నిలువుగా దిగి ఎంత అందంగా ఉంటుందో! ఒక్కటే చిక్కు. పైట కొంగు ఒక కర్టెన్‌కే వస్తుంది, రెండోదానికి రాదు. రెండూ పక్కపక్కన కట్టకుండా కొంగు ఉన్నది హాల్లో, లేనిది పడగ్గదిలో కట్టండి. రాడ్ బిగించడానికి గోడ తొలవక్కర్లేదు. తలుపు చట్రం మధ్యలో ఒత్తిపట్టి నిలిచే స్ప్రింగ్ రాడ్లు ఇప్పుడు ప్రతి కర్టెన్ షాపులోనూ ఉన్నాయి.

అద్దాన్ని, పెద్ద పటాల్ని గోడకి వేలాడదీయకుండా కింద ఆనించి పెట్టండి. చిన్న పిల్లలుంటే మాత్రం అద్దం జోలికి వెళ్ళొద్దు, బీరువా తలుపు అద్దంతోనే సరిపెట్టుకోండి. గోడకి అంటించే ప్లాస్టిక్ హుక్కులు వస్తున్నాయి గానీ, సున్నం గోడలకి అవి నిలవవు, ఊడేటప్పుడు పెచ్చుతో సహా ఊడతాయి. మేకుకి తప్పించుకోబోయి పెచ్చుకి డబ్బు కట్టినట్టవుతుంది.

మంచం, బీరువా దగ్గర ఆలోచించాలి. పార్టికల్ బోర్డుతో చేసినవి చూడ్డానికి నాజూగ్గా, ధరకి అందుబాటులో ఉంటాయి. అద్దె ఇళ్ళవాళ్ళకి అవి గిట్టవని నా అభిప్రాయం. నీళ్ళు తగిలితే ఉబ్బుతాయి. ఒకసారి విప్పి మళ్ళీ బిగిస్తే స్క్రూలు పట్టు వదిలేస్తాయి. రెండు ఇళ్ళు మారేసరికి ఊగడం మొదలెడతాయి. 2018 ఆగస్టులో స్వీడన్‌కి చెందిన ఐకియా మన దేశంలో తొలి దుకాణం హైదరాబాద్‌లోనే తెరిచింది. అక్కడ జనం తిరనాళ్ళలా వెళుతుంటారు. నేనైతే దీపాలు, డబ్బాలు, గిన్నెలు ఆరబెట్టుకునే స్టాండులాంటి చిన్న సామాన్ల వరకే వెళతాను. మంచానికి పాత టేకుదో, ఇనపదో చూసుకోవడం మేలు. ఎర్రగడ్డలో ఆదివారం జరిగే సంతలో పాత సామాను దొరుకుతుంది. బేరం వచ్చినవాళ్ళని తోడు తీసుకువెళ్ళండి. చెక్క కొనేటప్పుడు వెనకవైపు, కాళ్ళ కింద చూడాలి, చెదలు ముందు అక్కడే పడతాయి. స్టీలు సామానుకి బేగంబజారే, తూకానికి ఇస్తారు. జనవరి ఒకటిన నాంపల్లిలో మొదలయ్యే నుమాయిష్ 1938 నుంచీ ఉన్నదే. దుప్పట్లు, తివాచీలు చివరి వారంలో కొంటే ధర దిగుతుంది.

అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఇంటిని మార్చేది దీపం. ట్యూబులైటు వెలుగులో ఎంత అందమైన గదయినా రైల్వే వెయిటింగ్ హాల్లా ఉంటుంది. చదువుకి, వంటకి అది ఉండనివ్వండి. సాయంత్రం కూర్చునే మూలకి పసుపు వెలుగునిచ్చే చిన్న ఎల్.ఇ.డి. బల్బు, దానికో గూడు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు తోలు మీద రంగులు వేసి దీపపు గూళ్ళు చేస్తున్నారు. లేపాక్షి షాపుల్లోనో, శిల్పారామంలోనో దొరుకుతాయి. వెలిగిస్తే ఆ రంగులన్నీ గోడ మీద పడతాయి. గోడకి పటం పెట్టలేకపోయామన్న బెంగ ఉండదు.

మా ఆఫీసావిడ కథ ముగించలేదు కదూ! నిజాంపేట ఇల్లు వదిలి ఆవిడ మళ్ళీ యూసుఫ్‌గూడ వైపే బస్సు రూటు మీద పోర్షన్ చూసుకుంది. పోయిన నెలలో ఖాళీ చేసింది. సామానంతా ఒక గూడ్స్ ఆటోలో రెండు ట్రిప్పుల్లో అయిపోయింది. కొత్త ఇంటి అగ్రిమెంటులో తన పేరు, భర్త పేరు రెండూ రాయించింది, వేరే మీటరు ఉందో లేదో చూసుకుంది, మూడు మేకులకి అనుమతి కూడా రాయించింది. పాత ఇంటివాళ్ళు పెయింటింగ్ మాట ఎత్తితే, దిగిన రోజు తీసిన వీడియో చూపించింది. గంటసేపు వాదన జరిగాక 800 పట్టుకుని మిగతా అడ్వాన్సు ఇచ్చేశారు. ఆ 800 వంటింటి కుళాయికి. అది మాత్రం వాళ్ళబ్బాయి విరగ్గొట్టిందేనట.